నొప్పి లేదనే మేస్త్రి

మా మేనత్త నేల పరిచే మేస్త్రి. టైల్స్ అయినా, రాతి పలకలైనా, రంగురాళ్ళు చిన్నచిన్న ముక్కలుగా కోసి పువ్వుల్లా పేర్చే పాత రకం పనైనా ఆమెకు ఒకటే. ఆడమనిషి మేస్త్రి ఏమిటని మొదట్లో అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారట. ఇప్పుడు వాళ్ళంతా ఆమె పరిచిన నేలల మీదే నడుస్తున్నారు.

ఆమెకు సిమెంటు మాలు కలిపి అందించేది మా మావయ్య, అంటే ఆమె భర్త. మిగతా చోట్ల మేస్త్రి మగవాడు, తట్ట మోసేది ఆడది. మా దగ్గర అది తిరగబడింది. మావయ్య అందుకు సిగ్గుపడడు సరికదా, కొత్తవాళ్ళు ఎవరు కనబడినా తనే ముందుగా చెప్పేస్తాడు.

"ఆవిడ మేస్త్రి. నేను ఆవిడ కింద పనివాణ్ణి. ఇంటికెళ్ళినా అంతే."

పనిలో ఉన్నంతసేపూ అతను ఆమెను 'మేస్త్రీ' అనే పిలుస్తాడు. ఆమె 'ఏమయ్యా' అంటుంది.

"ఏమయ్యా, మాలు కలుపుతున్నావా, మాటలు కలుపుతున్నావా?"

"రెండూ కలిస్తేనే గట్టిగా పడుతుంది మేస్త్రీ."

ఎనిమిదో తరగతిలో నా బడి ఆగిపోయినప్పటి నుంచి నేను వాళ్ళతోనే ఉంటున్నాను. పలకలు అందించడం, పని అయ్యాక తడిగుడ్డతో వాటి మధ్య సందులు తుడవడం నా వంతు. నలుగురిలో నాకు నోరు పెగలదు. చూస్తూ ఉండమంటే మాత్రం ఎంతసేపైనా చూస్తాను, అత్త పని అయితే మరీను.

ఆమె ముందు ఖాళీ గదిలోకి వెళ్ళి గోడకు ఆనుకుని ఊరికే నిలబడుతుంది. ఆ మూల నుంచి ఈ మూలకు దారం లాగి కడుతుంది. తర్వాత మడిచిన గోనె మీద మోకాళ్ళు ఆన్చి వంగుతుంది. ఇక మధ్యాహ్నం దాకా ఆమె ఎత్తు అంతే. మాలు పరిచి, పలకను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, ఆఖరున తాపీ పిడితో మధ్యలో ఒక్కసారి కొట్టి చెవి వంచుతుంది. కింద మాలు నిండుగా ఉంటే పలక ముక్తసరిగా పలుకుతుంది. ఎక్కడైనా గాలి మిగిలిపోతే డొల్లగా మోగుతుంది. నాకు రెండూ ఒకేలా వినబడేవి. ఆమె మాత్రం మొహం చిట్లించి, అప్పుడే పడుకోబెట్టిన పలకను లేపేసేది. కింద చూస్తే నా అరచేయంత ఖాళీ ఉండేది. ప్రతిసారీ ఉండేది.

అత్తకు ఒక అలవాటు ఉంది. పని దగ్గర నొప్పి అనే మాట ఆమె నోట రాదు. ఆమె కొత్తగా తాపీ పట్టిన రోజుల్లో, ఈవిడ ఎప్పుడు 'అమ్మా' అంటుందా అని మిగతా మేస్త్రీలు పందెం వేసుకునేవారట. ఒకసారి రాతి పలక జారి చేతివేళ్ళ మీద పడింది. గోళ్ళు నల్లబడిపోయాయి. అందరూ పరుగెత్తుకొస్తే ఆమె, "రాయి పగల్లేదు కదా?" అని అడిగిందట. పందెం ఎవరూ గెలవలేదు. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా ఆమె జవాబు ఒక్కటే. "నొప్పా? లేదే."

రైల్వే స్టేషన్లో కొత్తగా కడుతున్న హాలు నేల పని మాకు వచ్చింది. నాలుగు వైపులా మామూలు పలకలే. నడుమ మాత్రం పెద్ద పువ్వు వేయాలి, పొద్దుతిరుగుడు లాంటిది. వంపుగా కోసిన రాళ్ళను మధ్య నుంచి బయటికి వరస వెంట వరసగా పేర్చుకుంటూ రావాలి. లోపలి వరసలో వెంట్రుకవాసి తేడా పడితే బయటి వరసకు వచ్చేసరికి అది వేలంత అవుతుంది. అందుకే ఒకరు మొదలుపెట్టిన పువ్వును మధ్యలో ఇంకొకరు ముట్టుకోరు.

పువ్వు సగం విచ్చుకుంది. ఒక ఉదయం అత్త వంగి, రాయి దించి, అలాగే ఉండిపోయింది. పరీక్షగా సందు చూస్తోందనుకున్నాడు మావయ్య. మాలు తట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎడమచెయ్యి నేల మీద ఆన్చి ఉంది. ఆ చేతి వేళ్ళు తెల్లబడిపోవడం నాకు కనిపించింది. ఆమె సందు చూడడం లేదు. లేవలేకపోతోంది.

మేమిద్దరం చెరో చంక కిందా చెయ్యి వేసి లేపాం.

"మోకాలు నొప్పా మేస్త్రీ?"

"లేదే. కాలు తిమ్మిరెక్కింది."

ఆ తిమ్మిరి మర్నాడూ పోలేదు, ఆ మర్నాడూ పోలేదు. మోకాలి చిప్ప కింద వేలు పెట్టనిచ్చేది కాదు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేది. చిన్న పీట మీద కూర్చుని ఒక వరస వేసి చూసింది. వరస వంకరపోయింది. తనే పీకేసింది. పక్కకు ఒరిగి పడుకుని వేయబోయింది.

"పడక మీద నుంచి నేల వేసే మేస్త్రిని ఇదే చూడ్డం. దుప్పటి కూడా తెమ్మంటారా?" అన్నాడు మావయ్య.

ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

కంట్రాక్టరు చెడ్డవాడు కాదు. అరిచి మాట్లాడలేదు. తల పైకెత్తి, కట్టెల మంచెల మీద నిలబడి పైకప్పుకు రంగులు వేస్తున్న వాళ్ళను చూపించాడు. "వాళ్ళ పని అయ్యేదాకా ఆగుతానమ్మా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. ఈ పువ్వు తీయించేసి, మామూలు పలకలు పరిపించేస్తాను."

ఆ రోజు నుంచి మా అందరి కళ్ళూ పైకప్పు మీదే.

ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి చూశాడు. ఎముకలు అరగలేదన్నాడు. చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ ఒకటి ఉంటుందట. ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద వంగి లేవడంతో అది లోపల పీచులు పీచులుగా చెడి, మందంగా తయారైందట. మానాలనే ప్రయత్నం కూడా మానేసిందట.

"కోస్తారా?" అని అడిగింది అత్త. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఇప్పుడే కోతా గీతా ఎందుకమ్మా! ముందు షాక్ వేవ్ చేయించండి. దాంతో పాటు వ్యాయామం. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పలేను. ఇలాంటి మోకాలికి చేసి చూడాల్సిందే."

షాక్ అనగానే మావయ్య మొహం పాలిపోయింది. "కరెంటు పెడతారా?"

"కరెంటు కాదయ్యా. దెబ్బలు."

"ఓస్, దెబ్బలేనా!" అని ఊపిరి పీల్చుకున్నాడు మావయ్య.

చికిత్స చేసే గది ఒక చెప్పుల దుకాణం మీద ఉంది. తెల్ల పరదా, ఎత్తుగా ఒక మంచం, ఎంత తొక్కినా ముందుకు పోని సైకిలు, మూలన పెద్ద పెద్ద రబ్బరు బంతులు. చికిత్స చేసే మేడం సన్నగా, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో అన్నట్టుంది. మిషన్ చూస్తే కుట్టు మిషన్ పెట్టంత ఉంది. దానికొక గొట్టం, గొట్టం చివర తలారబెట్టుకునే మిషన్ లాంటి పిడి.

మావయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. "దీంట్లోంచి ఏం వస్తుందమ్మా?"

"అలలు వస్తాయండీ. లోపల గాలి ఒత్తిడికి చిన్న గుండు వచ్చి ఈ మూతిని కొడుతుంది. ఆ దెబ్బ చర్మం దగ్గర ఆగకుండా అలగా లోపలికి పోతుంది. కిడ్నీలో రాళ్ళు పగలగొడతారు చూడండీ, ఇదీ ఆ జాతిదే. దానికంటే మెత్తనిది."

"రాళ్ళు పగలగొట్టేదా! మేస్త్రీ, లేవండి, పోదాం. రాళ్ళు పగలగొట్టడానికి మన దగ్గర సుత్తి ఉంది."

"నువ్వు నోరు మూసుకుని కూర్చో" అంది అత్త మంచం మీద కాళ్ళు చాపుతూ. తర్వాత మేడంతో, "కొడితే నయం ఎలా అవుతుందమ్మా?" అని అడిగింది.

"దెబ్బ పాతబడిపోయిందండీ. ఒళ్ళు దాన్ని మర్చిపోయి ఊరుకుంది. మనం తట్టి గుర్తు చేస్తాం. అప్పుడు రక్తం అటు పోతుంది, బాగుచేసే పని మళ్ళీ మొదలవుతుంది. మనం బాగుచెయ్యం. మీ ఒళ్ళే చేసుకుంటుంది."

ఆ మాట విని నేను కూర్చున్న చోటే బిగుసుకుపోయాను. సూది లేదు, కత్తి లేదు, రక్తం చుక్క లేదు. బయట నుంచి తలుపు తట్టినట్టు తడితే లోపల ఎవరో లేచి పనికి వస్తారట. ఇంతకాలం నేను నా ఒంట్లోనే ఉంటున్నాను. అందులో ఇలాంటి వాళ్ళు ఉన్నారని నాకు ఒక్కరూ చెప్పలేదు.

మేడం మోకాలికి చల్లని జెల్ రాసింది. బొటనవేలితో చిప్ప కింద ఒక్కోచోటే నొక్కుతూ, "ఎక్కడ ఎక్కువ నొప్పో చెప్పండి. మీరు చెప్పినచోటే పెడతాను. ఇక్కడా?" అంది.

"లేదమ్మా."

"ఇక్కడ?"

"పర్లేదు."

"ఇక్కడ?"

"నాకు నొప్పులు తెలీవమ్మా. నువ్వు కానియ్."

మిషన్ టకటకటకమని మొదలైంది. వడ్రంగిపిట్ట చెట్టు మీద వాలినట్టు గదంతా అదే చప్పుడు. మేడం పిడిని మోకాలి చుట్టూ అంతటా తిప్పింది. కాసేపటికి ఆపేసింది. చర్మం కాస్త ఎర్రబడింది, అంతే. వారానికొకసారి రమ్మంది. ఈ లోగా మోకాళ్ళ మీద వంగొద్దంది. ఒంటికాలి మీద మెల్లగా కూర్చుని లేచే వ్యాయామం ఒకటి నేర్పింది.

"మిషన్ సగమే చేస్తుంది. మిగతా సగం మీ తొడలు చెయ్యాలి."

వెళ్ళాం. మళ్ళీ వెళ్ళాం. ఇంకోసారీ వెళ్ళాం. మోకాలు మాత్రం ఉన్నచోటే ఉంది. అక్కడికి వచ్చే ఒక ముసలాయనకు రెండు మోకాళ్ళూ బాగా అరిగిపోయాయి. మీకు దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని మేడం ఆయనకు మొహం మీదే చెప్పింది. ఆయన అదే మెట్ల మీదుగా మెల్లగా దిగి వెళ్ళిపోతుంటే అత్త చూస్తూ ఉండిపోయింది. స్టేషన్లో పైకప్పు సగానికి పైగా నీలం రంగుకు తిరిగింది.

ఆ వారం మేడం మొహంలో కూడా నవ్వు లేదు. "అందరికీ పనిచెయ్యదండీ. ఈసారీ తేడా లేకపోతే డాక్టరు గారితో మాట్లాడదాం" అంది.

టకటకలు మొదలయ్యాయి. నేను మంచం కాళ్ళ వైపు బల్ల మీద కూర్చున్నాను. ఎప్పుడూ అక్కడే కూర్చుంటాను, ఎవరికీ అడ్డం లేకుండా. పిడి చిప్పకు ఎడమ పక్క తిరుగుతోంది. అత్త పైకప్పు చూస్తూ, "ఏం లేదమ్మా, పర్లేదమ్మా" అంటోంది. మొహంలో ఏ మార్పూ లేదు. పిడి చిప్ప కింది కొసను దాటుతుండగా ఆమె కాలి బొటనవేలు గబుక్కున లోపలికి ముడుచుకుంది. పిడి పక్కకు పోగానే విచ్చుకుంది. మళ్ళీ అక్కడికి రాగానే మళ్ళీ ముడుచుకుంది. పైన ఆమె నోరు, "పర్లేదమ్మా" అంటూనే ఉంది.

మేడంతో చెప్పడానికి నోరు రాలేదు. మావయ్య చెవిలో చెప్పాను. మావయ్యకు గుసగుసలాడడం చేతకాదు.

"మేడం! ఆపండి. ఆవిడ నోరు అబద్ధం ఆడుతోంది. కాలి వేలు నిజం చెప్తోందట. మా పిల్ల చూసింది."

మిషన్ ఆగింది. అత్త తల తిప్పి నన్ను చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

మేడం పిడి పక్కన పెట్టి, అత్త పాదం వైపు చూస్తూ, బొటనవేలితో ఒక్కోచోటే నొక్కుకుంటూ వచ్చింది. చిప్ప కింది కొసకు రాగానే కాలి వేలు ముడుచుకుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టింది.

"ఇన్ని వారాలు నేను వేరేచోట కొడుతున్నానండీ" అంది మెల్లగా. "మీరు లేదంటే లేదనుకున్నాను. దీనికి కళ్ళు లేవు. ఎక్కడ కొట్టాలో మీరే చెప్పాలి."

"నొప్పని చెప్తే ఆపేస్తారనుకున్నాను" అంది అత్త.

"ఎందుకు ఆపుతాం? అక్కడే పని చేస్తాం."

అత్త కుడిచెయ్యి మంచం అంచు మీద ఉంది. ఆ వేళ్ళు అలవాటు కొద్దీ చెక్కను తట్టి చూస్తున్నాయి.

"డొల్లుంటే పలక చెప్పేస్తుంది" అంది చివరికి, ఎవరితోనో కాదు, తనలో తనే. "చెప్పకపోతే నేను మాత్రం ఏం చెయ్యగలను?" తర్వాత మేడం వైపు తిరిగింది. "పెట్టమ్మా. ఈసారి చెప్తాను."

పిడి ఆ చుక్క మీద ఆనింది. టక టక టక.

"అబ్బా!"

మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆ మాట వినలేదు. పందెం వేసిన మేస్త్రీలు ఒక్కరూ వినలేదు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఎవరూ తియ్యలేదు.

"అక్కడే. కాస్త కిందకి... అబ్బ... ఇదిగో, ఇదే. ఇప్పుడు కొంచెం లోపలి పక్కకి. ఆ! తగ్గించమ్మా, ఇంత వద్దు... ఆ, ఇలా ఉండనీ."

మేడం జోరు తగ్గించి, చెప్పినట్టే పిడి జరిపింది. ఆ ఇద్దరి మధ్యా మోకాలు ఒక చీకటి గదిలా ఉంది. ఒకరి చేతిలో దీపం ఉంది, ఇంకొకరికి దారి తెలుసు. కొంతసేపటికి అత్త అరుపులు మూలుగులయ్యాయి, మూలుగులు మాటలయ్యాయి. "ఇప్పుడు మొద్దుబారిందమ్మా" అని ఆశ్చర్యంగా అంది. కంటి చివర నీళ్ళున్నాయి. మొహం మాత్రం వెలుగుతోంది.

మావయ్య మెట్లు దిగుతూ, "ఇంట్లో కూడా ఇలాగే చెప్పొచ్చు కదా మేస్త్రీ, ఎక్కడ నొప్పో" అన్నాడు.

"నీ వంట తిన్నప్పుడల్లా కడుపులో. చెప్పేదా?"

ఆ తర్వాత కూడా ఒక్కసారిగా ఏమీ జరిగిపోలేదు. మేడం అదీ ముందే చెప్పింది. లోపల పీచు మళ్ళీ అల్లుకోవడానికి వారాలు పడుతుందట. అత్తకు ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తడి మాలు మీద కాలు పెట్టనివ్వని మనిషి ఆమె. గోడ పట్టుకుని ఒంటికాలి మీద వంగి లేచేది. మావయ్య పక్కనే నిలబడి, "పడితే నా వైపు పడండి" అనేవాడు. ఒక సాయంత్రం ఆమె మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. నన్ను పిలిచి నా చెయ్యి కూడా అక్కడ పెట్టించింది.

"లోపల పని నడుస్తోందే. చప్పుడు లేదు, మేస్త్రి లేడు. ఎవరు చెప్పారో వాళ్ళకి, ఏ పీచు ఎక్కడ వెయ్యాలో!"

నా చేతి కింద వెచ్చగా ఉంది, అంతే. అయినా నేను చెయ్యి తియ్యలేకపోయాను. ఆమె వేలిముద్రలు అరిగి నున్నగా అయిపోయిన చెయ్యి నా చేతి మీద ఉంది. ఇంత గొప్ప పనివాళ్ళు ఇంత మామూలు చోట, చిరిగిన గోనె మీద ఆనే మోకాలిలో ఉన్నారు.

తర్వాతి వారం ఆమె గోడ పట్టుకోకుండా మెట్లు దిగింది. మేడం పైన నిలబడి చూసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇంకొన్ని వారాలకు, "ఇక వంగండి. దళసరి మెత్త వేసుకుని, కాసేపు వంగి కాసేపు లేచి. ఒకేసారి పూటంతా కాదు" అని చెప్పింది.

మేం స్టేషన్‌కు వెళ్ళేసరికి పైకప్పు అంతా నీలంగా ఉంది. రంగులవాళ్ళు చివరి మూల పూర్తి చేస్తున్నారు. రెండు మంచెలు అప్పటికే విప్పేశారు. నేల మీద సగం పువ్వు దుమ్ము కప్పుకుని ఉంది. నేను తడిగుడ్డతో తుడుస్తుంటే ఒక్కో రంగూ బయటపడింది. కంట్రాక్టరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచె మీదున్న వాళ్ళు కూడా కుంచెలు ఆపి కిందకు చూశారు.

అత్త దారం లాగి కట్టింది. కొత్త మెత్త వేసుకుంది. ఒక చెయ్యి నేల మీద ఆన్చి, ముందు కుడి మోకాలు, తర్వాత దెబ్బతిన్న ఎడమ మోకాలు మెల్లగా దించింది. ఆమె వంగింది. మాలు పరిచింది. వంపు రాయి దించింది, మూలలు తట్టింది, చెవి వంచింది. రాయి ముక్తసరిగా పలికింది. అప్పుడు నాకూ వినబడింది. దాని పక్కన ఇంకొకటి. దాని పక్కన మరొకటి. రాళ్ళు ఆమె చుట్టూ తిరుగుతున్నట్టు, పువ్వు తనంతట తనే విచ్చుకుంటున్నట్టు ఉంది. ఏ మనిషి మోకాళ్ళ మీద వంగినా అంత ఎత్తుగా కనబడడం నేను చూడలేదు.

వరస ముప్పావు వంతు అయింది. తాపీ పక్కన పెట్టి నడుము నిలబెట్టింది.

"నొప్పిగా ఉంది. కాసేపు ఆగుదాం" అంది.

మామూలు గొంతుతోనే అంది. కంట్రాక్టరు వినేట్టు, మంచె మీద వాళ్ళు వినేట్టు అంది. నేల మీద చెయ్యి ఆన్చి, మేం ముందుకు వెళ్ళేలోపే తనంతట తనే లేచి నిలబడింది.

కంట్రాక్టరు పైకప్పు వైపు చూశాడు. తర్వాత పువ్వు వైపు చూశాడు. "కూర్చోండి మేస్త్రీ" అని తను కూర్చునే కుర్చీ తెచ్చి వేశాడు. అతను ఆమెను ఎప్పుడూ 'అమ్మా' అనేవాడు. 'మేస్త్రీ' అనడం అదే మొదటిసారి.

మావయ్య మాత్రం తట్ట చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. "అది కాదు మేస్త్రీ, కలిపిన మాలు ఎండిపోతుంది కదా?"

అత్త కుర్చీలో వెనక్కి ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

"ఎండనియ్. మళ్ళీ కలుపు."